నెమలినార చెట్టు: గుర్తుపట్టడం, కొట్టడం, కొట్టే హక్కు



మే నెలలో ఒక్క గాలివాన వచ్చిందంటే చాలు, మన గ్రూపులో ఫొటోలు మొదలవుతాయి. తార్నాక రోడ్డుకు అడ్డంగా పడ్డ కొమ్మ, హాస్టల్ గోడ మీదికి వాలిన మాను, రామంతాపూర్ గల్లీలో తెగి వేలాడుతున్న తీగ. ఇలాంటి చెట్లన్నీ ముందే కొట్టేయాలని కొందరు, చెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకోమని కొందరు. రెండు వైపులా గట్టిగానే మాట్లాడతారు గానీ, పడింది ఏ చెట్టు అని మాత్రం ఎవరూ అడగరు. మేం ఈ పోస్టు రాయడానికి కారణం ఆ అడగకపోవడమే.

ఇక్కడ పెద్దగా ఎదిగి పడే చెట్లలో ఒకటి నెమలినార. కొన్నిచోట్ల నెమలి అంటారు, నవిలి అంటారు, తపసి అని కూడా అంటారు. ఇంగ్లీషులో దానికి ఇండియన్ ఎల్మ్ అని పేరు. యూరప్ ఊళ్లలో, అమెరికా వీధుల్లో కనిపించే ఎల్మ్ చెట్ల కుటుంబంలోదే ఇది. ఇలాంటి పెద్ద మానును గుర్తుపట్టడం, ఎవరికీ దెబ్బ తగలకుండా నేలకు దించడం మన తాతలకు తెలిసిన పనులు. ఆ పని చట్టం పేరుతో నేరమై, తర్వాత కాంట్రాక్టరు కింద కూలిపనై మన దగ్గరికి తిరిగొచ్చింది. సిలబస్‌లో ఈ చరిత్ర దొరకదు.

ముందు చెట్టును చూద్దాం. నెమలినార మన క్యాంపస్‌లో ఎవరో నాటిన చెట్టులా కాక తనంతట తాను మొలిచిన చెట్టులా ఎక్కువ కనిపిస్తుంది. కాంపౌండు గోడ పక్కన, పాత క్వార్టర్ల వెనక, బండల సందుల్లో ఉంటుంది. చలికాలం చివర ఆకంతా రాల్చి బోడిగా నిలబడుతుంది. ఆ బోడి కొమ్మలకే చిన్న చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి. రంగు పెద్దగా లేని పూలు కాబట్టి చాలామంది వాటిని చూడనే చూడరు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఆ గుత్తులు లేతాకుపచ్చ బిళ్లలవుతాయి. దూరం నుంచి చూసి చెట్టు చిగురేసిందనుకుంటాం, దగ్గరికి పోతే అవన్నీ కాయలే. ఒక్కోటి రూపాయి బిళ్లంత ఉంటది, మధ్యలో గింజ, చుట్టూ కాగితం లాంటి రెక్క. ఎండాక గాలికి వేలకొద్దీ లేచి హాస్టల్ వరండాల్లో, మెస్ కిటికీల్లో, బైకు సీట్ల మీద కుప్పలు పడతాయి. ఆ రెక్క చించి లోపలి గింజ తినొచ్చు. పశువులు కాసిన పిల్లలకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కాయల కాలం కానప్పుడు బెరడు చూడాలి, ఆకు నలపాలి. మాను బూడిద రంగులో ఉంటుంది. ముసలి మాను బెరడు బెండులాగా పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఆకు కోలగా, కొస తేలి, అంచు నున్నగా ఉంటుంది. విదేశీ ఎల్మ్‌ల ఆకు అంచుకు రంపపు పళ్లుంటాయి, దీనికి ఉండవు. ఈ చెట్టు మొలకలకు, కొత్త పిలకలకు మాత్రం పళ్లు కనిపించొచ్చు, దాన్ని చూసి వేరే చెట్టనుకోవద్దు. ఆకు నలిపితే ఒక చెడు వాసన వస్తుంది. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మళ్లీ మర్చిపోం. తుంచినచోట పాలు కారవు. కాబట్టి రావి, మర్రి, జువ్వి జాతి కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

పేర్ల దగ్గర ఒక చిక్కుంది. నెమలి అడుగు అనేది వేరే చెట్టు, దానికి నెమలి పాదంలాగా మూడేసి ఆకులు కలిసి ఉంటాయి. నారేప ఇంకో చెట్టు. దాని పట్టనుంచి కూడా నార తీస్తారు, కాబట్టి పేరులో నార వినగానే రెండూ ఒకటే అనుకుంటారు. నారేప కర్ర ఇనుములాంటిది, నెమలినార కర్ర అట్లా కాదు. తెల్లమద్దికీ బెరడు పొరలుగా ఊడుతుంది గానీ దాని కాయకు అయిదు రెక్కలుంటాయి. కానుగకు ఒక్క కాడ మీద అయిదారు ఆకులుంటాయి. ఆయుర్వేదంవాళ్లు నెమలినారను చిరబిల్వ అంటారు, వాసన వల్ల పూతికరంజ అని కూడా అంటారు. కరంజ అంటే కానుగ. ఇట్లా ఒకదాని పేరు ఇంకోదాని మీదికి జారిపోతుంది. ఎవరో చెప్పిన పేరు విని కాకుండా ఆకు, బెరడు, కాయ మూడూ చూసి తేల్చుకోవాలి.

ఈ చెట్టు పేరు లోకమంతటా తెలిసిన పుస్తకంలోకి ఎక్కింది మన తెలుగు నేలనుంచే. 1780ల్లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ తరఫున సామర్లకోటలో ఉండేవాడు. సర్కారు జిల్లాల చెట్లూ చేమలూ ఆయన దగ్గర చేరాయి. 1795 నుంచి లండన్‌లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో ఆయన ఈ చెట్టును ఎల్మ్ జాతిలోనే పెట్టి, అల్మస్ ఇంటిగ్రిఫోలియా అన్నాడు. ఇంటిగ్రిఫోలియా అంటే అంచు తెగని ఆకు. తర్వాత 1848లో ప్లాంషాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని విడదీసి హోలాప్టెలియా అనే కొత్త ప్రజాతి కింద పెట్టాడు. ఆ కొత్త పేరులో ఉన్న టెలియా కూడా గ్రీకులో ఎల్మ్ అనే అర్థం ఉన్న మాటే. రాక్స్‌బర్గ్ పుస్తకాల్లో చాలా చెట్ల పక్కన తెలుగు పేర్లుంటాయి. ఆ పేర్లు చెప్పిందెవరు, కొండలెక్కి కొమ్మలు తెచ్చిందెవరు అన్నది పుస్తకంలో లేదు. సామర్లకోట నుంచి చూస్తే ఆ కొండలు రంప వైపువే. మా ఊహ మాకుంది, మీకూ ఉంటుంది.

ఇదంతా అడవిశాఖవాళ్ల పని కదా, మనకెందుకు అంటారా? ఒక్క ఉదాహరణ చెప్తాం. ఫిబ్రవరిలో ఆకు రాల్చిన నెమలినారను తెలియనివాడు చూస్తే ఎండిపోయిన చెట్టు అని రాస్తాడు. ఎండిన చెట్టు అని కాగితం మీద పడ్డాక దాన్ని కాపాడటం కష్టం. చిన్న కొమ్మ బెరడును గోటితో గీరితే అసలు సంగతి తెలుస్తుంది. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికున్నట్టు, గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. రెండు మూడు వేర్వేరు కొమ్మల మీద చూడాలి. అరనిమిషం పని.

గుర్తుపట్టడం ఎంత పెద్ద సంగతో యూరప్‌వాళ్లకు ఎల్మ్‌ల వల్లనే తెలిసొచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ ఎల్మ్ చెట్లు నిలబడినచోటే ఎండిపోవడం మొదలైంది. యుద్ధంలో వాడిన విషవాయువు వల్ల అని కూడా కొందరన్నారు. నెదర్లాండ్స్‌లో బీ ష్వార్ట్స్ అనే యువ పరిశోధకురాలు అది ఒక బూజు తెగులు అని 1920ల మొదట్లో కనిపెట్టింది. బెరడు కింద తొలిచే పురుగులు దాన్ని ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు మోస్తాయి. 1960ల చివర ఇంకా బలమైన రకం ఉత్తర అమెరికా నుంచి దుంగలతో పాటు బ్రిటన్‌కు దిగింది. ఆ ఒక్క దేశంలోనే 2.5 కోట్లకు పైగా చెట్లు పోయాయి. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల గట్ల మీద మాత్రం ఇప్పటికీ ఎల్మ్‌లున్నాయి. జబ్బు చెట్టును వెంటనే పసిగట్టి, కొట్టి, బెరడుతో సహా పనికిరాకుండా చేస్తారు కాబట్టి పక్క చెట్లు బతికాయి. అక్కడ ఒక చెట్టును కొట్టడం మిగతావాటిని కాపాడే పని. మన నెమలినారకు వచ్చిన సమస్య ఆ తెగులు కాదు. ఇక్కడ అది పడేది పుచ్చి, లేదా వేరు తెగి, లేదా ఎవరో పైపైన కొమ్మలు నరికి వదిలేసినందుకు.

ఇక కొట్టే చరిత్రకొద్దాం.

అడవిలో చెట్టు కొట్టడానికి పద్ధతులుండేవి. ఏ చెట్టు ముట్టకూడదు, ఏది ఎప్పుడు కొట్టాలి అన్నది ఊరుపెద్దలకూ పూజారికీ తెలుసు. ఇప్ప చెట్టు మీద గొడ్డలి వేసేవాడు లేడు. పోడు కొట్టేటప్పుడు కూడా ఇప్ప, చింత, తునికి నిలబెట్టి మిగతాది కొట్టేవాళ్లు. నెమలినార విషయానికొస్తే నార కావాలంటే కొమ్మ పట్ట తీశారు, మేత కావాలంటే కొమ్మలు కొట్టారు, బండి సామానుకు మాను దించారు. కొట్టినచోట మళ్లీ పిలకలేసే చెట్టు కాబట్టి ఒకే మొదలు చాలా ఏళ్లు పనికొచ్చేది.

తర్వాత చట్టాలొచ్చాయి. బ్రిటిష్‌వాళ్లకు ఓడలకూ రైలుపట్టాల కింది దిమ్మెలకూ టేకు, సాల లాంటి కలప కావాలి. 1865లో, 1878లో అటవీ చట్టాలు చేశారు. మద్రాసు రాష్ట్రంలో 1882 చట్టం మన ఏజెన్సీ కొండల మీద పడింది. హైదరాబాద్ సంస్థానంలో 1917 నాటి చట్టం ఆదిలాబాద్ గోండు, కోలాం ఊళ్ల చుట్టూ రిజర్వు గీతలు గీసింది. గీత లోపలికి గొడ్డలితో పోతే నేరం. 1922 నుంచి 1924 దాకా మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట గాం సోదరులూ ముఠాదార్లూ ఎందుకు లేచారో చెప్పేటప్పుడు రోడ్డు పనుల వెట్టిచాకిరీ గురించి చెప్తారు. పోడు మీద, అడవి మీద పెట్టిన ఆంక్షల్ని కూడా పక్కనే చెప్పాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చిందీ ఆ గీతల మీదే. భీం తర్వాతే నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఆదివాసుల సంగతి చూడమంది, మార్లవాయి బడి వచ్చింది. ఇదంతా మన గ్రూపులో చాలాసార్లు రాసుకున్నదే.

మనం తక్కువగా మాట్లాడుకునేది దీని రెండో సగం. గొడ్డలి నేరం అన్న ప్రభుత్వమే కూపులు వేలం వేసింది. కూపు పాడుకున్న కాంట్రాక్టరుకు చెట్టు కొట్టేవాళ్లు కావాలి. ఏ మాను ఎటు వాలుతుందో, లోపల పుచ్చుందో లేదో తట్టి చెప్పగలిగినవాళ్లు కావాలి. వాళ్లెవరు? నిన్న గొడ్డలి లాక్కుని కేసు రాసినవాళ్లే. తన చెట్టు తను కొడితే జుల్మానా, సర్కారు సుత్తి ముద్ర వేసిన చెట్టు కొడితే కూలి. గోదావరి గట్టు కొండరెడ్ల గురించి హైమెన్‌డార్ఫ్ 1945లో వేసిన పుస్తకంలో ఈ బతుకు కనిపిస్తుంది. కలప, వెదురు వ్యాపారుల కింద అప్పుల్లో చిక్కి అడవి కొట్టిన మనుషులు వాళ్లు. కొట్టినదంతా గోదావరి మీదుగా రాజమండ్రి వైపు పోయేది.

నెమలినారకు ఆ వేలంలో పెద్ద ధర లేదు. టేకు రాజు, నెమలినార జంగిలి కర్ర. దీనికి చేవ విడిగా ఉండదు, లోపలా బయటా ఒకే లేత పసుపు రంగు, తడి తగిలితే త్వరగా మచ్చపడి పుచ్చుతుంది. అగ్గిపెట్టెలకు, ప్యాకింగ్ డబ్బాలకు, బండి సామానుకు పోయింది. ధర లేని చెట్టు కాబట్టే బతికిపోయిందని మాకనిపిస్తుంది. ఊరి చివర, చెరువు గట్ల మీద, పట్నంలో గోడల సందుల్లో ఇది పెరుగుతుంటే ఎవరూ పట్టించుకోలేదు.

పట్నంలోకి మేం ఇట్లా వచ్చేశాం కాబట్టి ఈ నేల సంగతి కొంచెం. తార్నాక అనే పేరు తీగ కంచె ఉన్న నాకా నుంచి వచ్చిందంటారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా గేటు. ఉస్మానియా యూనివర్సిటీకి 1917లో ఫర్మానా వచ్చింది, తర్వాత అద్దె ఇళ్లలో క్లాసులు మొదలయ్యాయి. అడిక్‌మెట్ బండల నేల మీద ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేస్తే 1939లో తెరిచారు. అంటే కుమ్రం భీం తన చివరి పోరాటం చేస్తున్న ఏళ్లలోనే ఇక్కడ ఈ రాతి మెట్లు లేచాయి, రెండూ ఒకే ప్రభువు రాజ్యంలో. ఆ తర్వాత రోడ్ల వెంట నాటినవి కొన్ని, గాలికొచ్చి మొలిచినవి కొన్ని, ఇప్పుడు క్యాంపస్ చెట్లన్నీ కలిసిపోయాయి. తార్నాక, హబ్సిగూడ, రామంతాపూర్ మధ్య యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు, పాత స్కూళ్లు పెద్ద ఆవరణలతో ఉన్నాయి కాబట్టే ఇక్కడ ఇంత పెద్ద మాన్లు మిగిలాయి. వాటి గోడ బయట గల్లీలో అంత చోటు లేదు, పై నుంచి తీగలే.

పట్నంలో ఒక చెట్టు విలువేమిటో తెలియాలంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి పోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. వేలమంది కొట్టుకుపోయిన రోజు అది.

మరి నిజంగానే ఒక పెద్ద నెమలినార ప్రమాదంగా ఉంటే? అప్పుడు దించాల్సిందే. కొమ్మ కింద పిల్లలు నడిచే దారి ఉండి, మాను బోలుగా ఉంటే, దాన్ని అట్లాగే వదిలేయడం ప్రకృతి ప్రేమేం కాదు. అయితే ప్రమాదం ఉందో లేదో చూసే పద్ధతి ఉంది. మాను చుట్టూ తిరిగి మొదట్లో నేల చూడాలి. ఒక పక్క నేల పగిలి పైకి లేచినట్టుంటే వేరు కదిలినట్టు. మొదట్లో గానీ మాను మీద గానీ పుట్టగొడుగు లాంటి గట్టి బూజు బిళ్లలుంటే లోపల కుళ్లు ఉన్నట్టు. గొడ్డలి వెనక వైపుతో గానీ చెక్క సుత్తితో గానీ మానును తడితే నిండు మాను ఒకలా, బోలు మాను డప్పులా మోగుతుంది. ఈ తట్టడం కూపుల్లో మనవాళ్లు చేసిన పనే, ఇప్పుడు చెట్ల నిపుణులూ అదే చేస్తారు. రెండు పెద్ద కొమ్మలు ఇరుకుగా వీ ఆకారంలో కలిసినచోట పగులుందేమో చూడాలి. చెట్టు మొదటినుంచీ వాలి ఉందా, ఈ మధ్యే వాలిందా అన్నది ముఖ్యం. పాత వాలుకు చెట్టు తన వేళ్లతో సర్దుకుని ఉంటుంది, కొత్త వాలు ప్రమాదం. డ్రైనేజీకో కేబుల్‌కో పక్కన గుంత తవ్వి వేళ్లు తెంపారా అని అడగాలి. పట్నంలో చెట్లు పడటానికి గాలికంటే ఈ గుంతలే ఎక్కువ కారణమని మా అభిప్రాయం. ఇవన్నీ చూడటానికి ఫిబ్రవరి మంచిది, ఆకు లేక కొమ్మల ఎముకలన్నీ కనిపిస్తాయి.

చాలాసార్లు మొత్తం చెట్టు దించనక్కర్లేదు, ఒక కొమ్మ తీస్తే సరిపోతుంది. బరువైన కొమ్మను పై నుంచి ఒకే కోతగా కోస్తే సగం తెగాక అది బరువుకు చీలి, మాను బెరడును కిందిదాకా లాక్కుపోతుంది. అందుకే మూడు కోతలు పెడతారు. మానుకు ఒక మూర దూరంలో ముందు కింది నుంచి కొద్దిగా కోయాలి. దానికి కొంచెం అవతల పై నుంచి కోస్తే కొమ్మ పడుతుంది. మిగిలిన మొండిని, కొమ్మ మానులో కలిసేచోట ఉబ్బుగా ఉండే మెడను వదిలేసి, దాని బయటే మూడో కోతతో తీయాలి. ఆ మెడలోంచే చెట్టు తన గాయాన్ని మూసుకుంటుంది. మెడను కోసేసినా, పొడుగు మొండి వదిలినా పుచ్చు మొదలవుతుంది. చేవ లేని నెమలినారలో ఆ పుచ్చు తొందరగా లోపలికి పోతుంది. తీగల కోసం ఏటా తలకాయ నరికే పద్ధతి అన్నిటికంటే చెడ్డది. నరికినచోట గుంపుగా పిలకలొస్తాయి, అవి పైపైనే అతుక్కుని ఉంటాయి, నాలుగైదేళ్లకు బరువెక్కి గాలికి విరుగుతాయి. మనం ఫొటోలు తీసే కొమ్మల్లో చాలా వరకు అవే.

మాను మొత్తం దించాలంటే రెండు దారులు. ఖాళీ చోటుంటే ఒకేసారి పడేయొచ్చు. అప్పుడు చెట్టు ఎత్తుకు రెండింతల దూరం దాకా పనివాళ్లు తప్ప మనిషి ఉండకూడదు. పడాల్సిన వైపు మాను మందంలో నాలుగో వంతో అయిదో వంతో లోతుగా నోరు తెరిచినట్టు గంటు పెడతారు. తర్వాత వెనక నుంచి, గంటు అడుగుకంటే కొంచెం పైన, కోత మొదలెడతారు. రెండూ కలిసేదాకా కోయకూడదు. మధ్యలో మందంలో పదో వంతు కర్ర వదలాలి, అంటే 60 సెంటీమీటర్ల మానుకు 6 సెంటీమీటర్లు. తలుపుకు బందు ఎట్లాగో చెట్టుకు ఆ కర్ర అట్లాగ, పడే దిక్కును అదే పట్టి ఉంచుతుంది. వెనక కోతలో కోసుగా చెక్కిన ముక్కలు దిగ్గొడితే చెట్టు వెనక్కి కూర్చోదు. కోసేవాడు పడే దిక్కుకు వెనకగా, ఏటవాలుగా తప్పుకునే దారి ముందే శుభ్రం చేసుకోవాలి. సూటిగా వెనక నిలబడితే మొదలు ఎగిరి ఛాతీకి తగలొచ్చు. మాను బాగా వాలి ఉంటే సగం కోతలోనే నిలువునా చీలి పైకి లేస్తుంది. బోలు మానులో బందుకు కర్రే ఉండదు. పడేటప్పుడు పక్క చెట్టు మీద ఆగిపోతే దాని కిందికి ఎవరూ పోకూడదు, ఆగిన చెట్టు ఎప్పుడైనా జారుతుంది. ఈ రకం చెట్లు అనుభవం లేనివాళ్లు ముట్టుకోవలసినవి కాదు.

రామంతాపూర్ లాంటి గల్లీలో మొదటి దారి కుదరదు. అక్కడ పై నుంచి ముక్కలుగా దించాలి. ఒక మనిషి నడుం బెల్టుతో మానుకు కట్టుకుని, అది కాక పైన ఇంకో తాడుతో, లేదా క్రేను తొట్టిలో నిలబడి కొమ్మ కొమ్మ కోస్తాడు. ప్రతి ముక్కనూ మోకుతో కట్టి, మోకును కింద మాను చుట్టూ రెండు చుట్లు తిప్పి, మెల్లగా వదులుతారు. ఆ చుట్ల రాపిడే బరువును ఆపుతుంది. చేత్తో పట్టి ఆపాలని చూసినవాడు కొమ్మతో పాటు లేస్తాడు. నిచ్చెన మీద నిలబడి మెషిన్ రంపం వాడటం ఎక్కడ చూసినా ఆపించండి. రంపం కొస ఎక్కడైనా తగిలితే ఎగిరి ముఖానికి వస్తుంది, నిచ్చెన మీద తప్పుకునే చోటుండదు.

తీగల దగ్గర మాత్రం ఒకే నియమం. కరెంటువాళ్లు వచ్చి లైను తీసి, తీసినట్టు చెప్పేదాకా చెట్టెక్కకూడదు. పచ్చి కొమ్మలోనూ తడి మోకులోనూ కరెంటు పారుతుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లోనే కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి తీగ తగిలి అయిదుగురు పోయారు. ఆ గల్లీల్లో తీగలు ఎంత కిందికి ఉంటాయో మనకు తెలుసు.

కొట్టాక కూడా నెమలినార అయిపోదు. మొద్దు వదిలితే చుట్టూ పిలకలేస్తుంది. గోడ పునాది పక్కనైతే మొద్దును తవ్వి తీయాలి, లేదంటే ఏటా పిలకలు విరవాలి. ఖాళీ చోటైతే ఒక్క పిలకను ఉంచి మిగతావి తీసేస్తే మళ్లీ చెట్టవుతుంది, మన పెద్దలు చేసింది అదే. గూళ్లున్నాయా అని కొట్టేముందు చూడాలి, తొర్రల్లో చిలుకలూ గుడ్లగూబలూ ఉంటాయి. దీని పుప్పొడి ఆస్తమా ఉన్నవాళ్లను ఇబ్బంది పెడుతుందన్నది నిజమే. ఆ ఒక్క కారణానికి మానును కొట్టమనడం మాకు సరిగా అనిపించదు. గాలిలో పుప్పొడి ఒక్క చెట్టుదే ఉండదు.

చట్టం ప్రకారం పట్నంలో కూడా ఎవరికి వాళ్లు చెట్టు కొట్టకూడదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అదే వాల్టా, ఇప్పుడు తెలంగాణలోనూ నడుస్తోంది. అటవీశాఖ అనుమతి కావాలి, కొట్టినదానికి బదులు మొక్కలు నాటాలి. ఆ అనుమతి కాగితం చూపించమని అడిగే హక్కు మనకుంది. అందులో ఏ చెట్టని రాశారో చూడండి. జాతి పేరు లేకుండా ప్రమాదకరమైన చెట్లు ఇన్ని అని మాత్రమే రాస్తే, ఎవరూ చెట్టు దగ్గరికి వెళ్లి చూడలేదన్నమాట. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు పిల్లలు అడిగింది ఇదే, ఎవరు చూశారు, ఎవరు అనుమతిచ్చారు అని. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే చాలా ఎకరాలు నేలమట్టం. నాలుగు రోజుల్లో పోయిన అడవిలో ఏ జాతి చెట్లు ఎన్ని అన్నది పోయాక లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

మన ఊళ్లలో లెక్క వేరుగా ఉంది, దీన్ని గ్రూపులో చాలామంది గమనించలేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షను రెండో భాగం ప్రకారం బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ల ట్యాంకు, రోడ్డు లాంటి 13 పనులకు అటవీభూమి ఇవ్వొచ్చు. ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. దానికి గ్రామసభ సిఫారసు ఉండాలి. అంటే 1917లో గీత గీసినప్పుడు మనల్ని అడగనిది, ఇప్పుడు కాగితం మీదైనా అడగాలి. ఆ 75 ఏవి, ఇప్ప ఎన్ని, తునికి ఎన్ని, పక్కకు జరిగితే ఏవి మిగులుతాయి అని గ్రామసభలో లేచి అడగాలంటే చెట్లను పేరుతో పిలవడం వచ్చి ఉండాలి. ఊళ్లో అది వచ్చినవాళ్లు ముసలివాళ్లు. కాగితం చదవడం వచ్చినవాళ్లు మనం, హాస్టళ్లలో ఉన్నాం.

ఇంకో చట్టం కూడా గుర్తుంచుకోండి. 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం షెడ్యూల్లో తాటిచెట్టు గీసే పని, చెట్లు కొట్టే పని, కలపను నీటి మీద తరలించే పని పేరుతో సహా చేరి ఉండేవి. చెట్టు మీదనుంచి పడ్డ కూలికి పరిహారం అనేది ఎవరి దయా కాదు, చాలా కాలంగా కాగితం మీద ఉన్న హక్కు. పట్నంలో గాలివాన తర్వాత రంపం పట్టుకుని చెట్టెక్కే మనుషుల్లో మన జిల్లాలవాళ్లున్నారు. హెల్మెట్ లేదు, బెల్టు లేదు, కూలి రోజుకింత. మన తాతల విద్యే వాళ్ల చేతుల్లో ఉంది, కాకపోతే జాగ్రత్తలన్నీ ఎవరో తీసేసుకున్నారు. ఈసారి అట్లాంటి మనిషి కనిపిస్తే ఫొటో తర్వాత తీయండి. ముందు ఏ ఊరన్నా అని అడిగి, లైను తీశారో లేదో చూడండి.

వచ్చే ఫిబ్రవరిలో ఒక ఆదివారం తార్నాక గేటు వైపు నుంచి నడుస్తూ క్యాంపస్‌లోని పెద్ద నెమలినారలన్నీ రాసుకుందామని మా ఆలోచన. ఎక్కడుంది, మాను చుట్టుకొలత ఎంత, బోలుగా మోగిందా, మొదట్లో గుంత ఉందా, పైన తీగ ఉందా, గూడుందా. ఒక నోటుబుక్కు, ఒక టేపు, ఒక చెక్క సుత్తి చాలు. మీ ఊళ్లో ఈ చెట్టును ఏమంటారో గోండిలో, కోలామిలో, కోయలో, గోర్‌బోలిలో కింద రాయండి, ఆ పేర్లు కూడా పుస్తకంలో ఎక్కిద్దాం. ఈసారి చెప్పినవాళ్ల పేరుతో సహా.